నొప్పి మాత్రలతో పాటు వాడే మూలికలు పొట్ట లోపలి పొరను నిజంగా కాపాడతాయా?

ప్రశ్న: కృష్ణకరకట్ట

అందరికీ నమస్కారం. మా అమ్మగారి వయసు 64 ఏళ్ళు. రుమటాయిడ్ కీళ్ళవాతానికి వారానికి ఒకసారి మెథోట్రెక్సేట్, రోజూ రెండు పూటలా నాప్రోక్సెన్ అనే నొప్పి మాత్ర వాడుతున్నారు. నాప్రోక్సెన్ మొదలుపెట్టిన రోజునే డాక్టరుగారు పరగడుపున వేసుకోవడానికి పాంటోప్రజోల్ అనే గ్యాస్ మాత్ర కూడా రాశారు. ఇవి కాక రక్తపోటుకు టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన మాత్ర ఒకటి ఉంది.

గ్యాస్ మాత్ర ఏళ్ళ తరబడి వాడితే ఎముకలు గుల్లబారతాయనీ, మూత్రపిండాలు పాడవుతాయనీ మా పెద్దమ్మ చెప్పగా అమ్మ పాంటోప్రజోల్ మానేసి, దాని బదులు అతిమధురం చూర్ణం ఒక చెంచా చొప్పున ఉదయం, రాత్రి గోరువెచ్చని పాలలో కలుపుకుని తాగుతున్నారు. మాత్ర మానిన కొత్తలో గుండెల్లో మంట విపరీతంగా వచ్చింది. తరవాత క్రమంగా తగ్గిపోయింది. చూర్ణమే తగ్గించిందని అమ్మకు గట్టి నమ్మకం కుదిరింది.

నేను వెతికితే వేపబెరడు, పచ్చి అరటికాయ, ఉసిరి, మునగాకు, మారేడు, శతావరి వంటి ఎన్నో మొక్కల సారాలు ఇండోమెథాసిన్ అనే నొప్పి మందు ఇచ్చిన ఎలుకల్లో పుండ్లను సగానికి పైగా తగ్గించాయని చెప్పే పరిశోధన పత్రాలు కుప్పలుగా కనిపించాయి. ఇంత ఆధారం ఉన్నప్పుడు మన డాక్టర్లు వీటిని ఎందుకు రాయరు? అతిమధురం చూర్ణం గ్యాస్ మాత్రకు ప్రత్యామ్నాయం కాగలదా? ఎలుకల్లో కాక మనుషుల్లో, అదీ నొప్పి మాత్రలు వాడుతున్న మనుషుల్లో, పనిచేసినట్లు తేలిన మొక్క ఏదైనా ఉందా? తెలిసినవారు వివరంగా చెప్పగలరు.

జవాబు: ప్రయోగశాల బల్ల

ఔషధశాస్త్రం చాలా ఏళ్ళు బోధించి విశ్రాంతి తీసుకుంటున్నవాడిని. వైద్యం చేయను కనుక నా మాటలను సలహాగా కాక వివరణగా తీసుకోండి. ఒక్క విషయం మాత్రం ముందే చెప్పాలి. నాప్రోక్సెన్ వేసుకుంటూ పాంటోప్రజోల్ మానేశారన్న సంగతి ఈ రోజే మీ డాక్టరుగారికి ఫోను చేసి చెప్పండి. మిగతా చర్చ తీరిగ్గా చేసుకోవచ్చు.

మాంసాన్ని సైతం అరిగించే ఆమ్లం జీర్ణాశయంలో ఉన్నా, ఆ జీర్ణాశయపు గోడ అరిగిపోకుండా ఉండటానికి కారణం దాని మీద ఉండే జిగురు పొర, ఆ పొరలోకి ఊరి ఆమ్లాన్ని విరిచే బైకార్బొనేట్, గోడలో నిరంతరం పారే రక్తం, దెబ్బతిన్న కణాల చోటును వెంటనే భర్తీ చేసే కొత్త కణాలు. ఈ ఏర్పాట్లన్నీ చురుకుగా సాగడానికి ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు అక్కడికక్కడే తయారవుతూ ఉండాలి. ఆస్పిరిన్, దాని కోవకు చెందిన నొప్పి మందులు ఆ తయారీనే ఆపేస్తాయని 1971లో జాన్ వేన్ చూపించారు. ప్రోస్టాగ్లాండిన్ల మీద జరిపిన పరిశోధనకే ఆయనకు, బెర్గ్‌స్ట్రామ్, శామ్యూల్‌సన్‌లతో కలిపి 1982లో నోబెల్ బహుమతి వచ్చింది. కీళ్ళలో వాపును తగ్గించేదీ, పొట్టలో రక్షణను తగ్గించేదీ ఒకే చర్య అన్నమాట. అందుకే ఈ మందును సూదిగా పొడిపించుకున్నా పొట్టలో పుండు పడవచ్చు. పేగులో కరిగేలా పైపూత వేసిన మాత్రతో కూడా ప్రమాదం పూర్తిగా పోదు. మాత్ర గోడకు తగిలి నేరుగా చేసే హాని మరొకటి ఉన్నా, అది ఈ కథలో చిన్న భాగమే. అన్నం తిన్నాక వేసుకుంటే ఏమీ కాదన్న ధైర్యం చాలామందికి ఉంటుంది కానీ, రక్తంలో కలిశాక మందు చేసే పనిని అన్నం ఆపలేదు.

ఇప్పుడు మీరు చదివిన ఎలుకల పత్రాల సంగతికి వస్తాను. ఇటువంటి ప్రయోగాలు మా కళాశాలల్లో విద్యార్థులు ఏటా చేస్తుంటారు కనుక పద్ధతి నాకు బాగా పరిచయం. ఎలుకలను రోజంతా పస్తు ఉంచుతారు. ఆరేసి ఎలుకల గుంపులుగా విడదీసి, ఒక గుంపుకు మొక్క సారాన్ని గొట్టంతో పొట్టలోకి పోసి, గంట తరవాత ఇండోమెథాసిన్ పెద్ద మోతాదులో ఒక్కసారి ఇస్తారు. కొన్ని గంటలకు ఎలుకను చంపి, జీర్ణాశయాన్ని కోసి, ఎర్రటి చారల పొడవు కొలిచి లెక్క కడతారు. సారం ఇచ్చిన గుంపులో చారలు తక్కువగా ఉంటే పత్రం సిద్ధమవుతుంది. అది అబద్ధమని నేను అనడం లేదు. కానీ ఆ ఫలితానికి పొట్ట రక్షణతో సంబంధం లేని కారణాలు కూడా ఉండగలవు.

మొదటిది, సారమూ మందూ ఒకే పొట్టలో ఒకే గంటలో కలుస్తున్నాయి. సారంలోని టానిన్లు, జిగుర్లు మందును పట్టి ఉంచితే మందు ఒంటికే పట్టదు. పొట్ట బాగానే ఉంటుంది, నొప్పి మాత్రం తగ్గదు. దీన్ని తేల్చాలంటే రక్తంలో మందు పాళ్ళు కొలవాలి, లేదా ఇండోమెథాసిన్‌ను చర్మం కింద సూదిగా ఇచ్చి చూడాలి, లేదా కనీసం ఎలుక పాదం వాపు మునుపటిలాగే తగ్గుతోందో లేదో గమనించాలి. ఈ జాగ్రత్త తీసుకున్న పత్రాలు నాకు కనిపించినంత వరకు తక్కువే.

రెండోది నాకు మరీ ఆసక్తికరంగా అనిపిస్తుంది. అప్‌జాన్ సంస్థలో పనిచేసిన ఆండ్రే రాబర్ట్ అనే శాస్త్రవేత్త, ఎలుక పొట్టలోకి ముందుగా పలచని ఆల్కహాలునో, పలచని ఆమ్లాన్నో కొద్దిగా పంపిస్తే, తరవాత పోసిన గాఢమైన ఆల్కహాలు అంతగా హాని చేయలేకపోవడాన్ని గుర్తించారు. కొద్దిపాటి చిరాకు కలిగించేది ఏదైనా పొట్టను ముందే మేల్కొలిపి దాని సొంత ప్రోస్టాగ్లాండిన్లను పెంచుతుంది. అంటే ఘాటైన, వగరైన, చేదైన సారం ఏది ముందుగా పోసినా కొన్ని గంటలపాటు రక్షణ ఇచ్చినట్లు కనిపించవచ్చు. దాన్నిబట్టి ఆ మొక్కకు ప్రత్యేకమైన గుణం ఉందని చెప్పలేము. ఏళ్ళ తరబడి నాప్రోక్సెన్ వాడే మనిషికి అది ఉపయోగపడుతుందని అసలే చెప్పలేము.

మోతాదు లెక్క కూడా ఒకసారి వేసి చూడండి. ఎలుకకు కిలో బరువుకు 400 మిల్లీగ్రాముల సారం ఇచ్చారనుకుందాం. ఎలుక మోతాదును మనిషికి మార్చేటప్పుడు సుమారు ఆరుతో భాగించడం ఆనవాయితీ. అరవై కిలోల మనిషికి రోజుకు దాదాపు నాలుగు గ్రాముల సారం అవుతుంది. పది గ్రాముల ఎండుటాకు నుంచి ఒక గ్రాము సారం దిగుతుందనుకుంటే అది రోజుకు నలభై గ్రాముల ఎండుటాకు. చెంచాడు పొడితో ఆ ఫలితం ఆశించలేము.

మీ మూడో ప్రశ్న అసలైన ప్రశ్న. పొట్టను కాపాడుతుందని ఒక మందు గురించి చెప్పాలంటే ఏమి చూపించాలో తెలుసుకోవడానికి 1995లో వెలువడిన మ్యూకోసా పరీక్ష మంచి ఉదాహరణ. అందులో పాల్గొన్నవారు మీ అమ్మగారిలాగే రుమటాయిడ్ కీళ్ళవాతానికి నొప్పి మందులు వాడుతున్న 8,843 మంది. సగం మందికి ప్రోస్టాగ్లాండిన్‌ను పోలిన కృత్రిమ మందైన మిసోప్రోస్టాల్, సగం మందికి మందులేని మాత్ర ఆరు నెలలు ఇచ్చారు. రక్తస్రావం, పొట్టకు చిల్లు పడటం వంటి తీవ్ర సమస్యలు మందు లేనివారిలో నూటికి 0.95 మందికి, మిసోప్రోస్టాల్ వాడినవారిలో నూటికి 0.57 మందికి వచ్చాయి. ఆ తేడా చూపించడానికి దాదాపు తొమ్మిది వేల మంది కావలసి వచ్చారు. ఆరేసి ఎలుకల మీద చేసిన పని దీని పక్కన ఎక్కడ నిలుస్తుందో మీరే అంచనా వేసుకోవచ్చు. మన డాక్టర్లు ఆ మొక్కలను రాయకపోవడానికి కారణం ఇదే గానీ ద్వేషమో అజ్ఞానమో కాదు.

ఇక మంట తగ్గడం గురించి. పాంటోప్రజోల్ వంటి మందును కొంతకాలం వాడి ఒక్కసారిగా మానేస్తే, అణగి ఉన్న ఆమ్లం ఊరడం మునుపటికన్నా ఎక్కువై కొన్ని వారాలు మంట పెడుతుంది. ఆ తరవాత దానంతట అదే సర్దుకుంటుంది. ఆరోగ్యవంతులకు ఈ రకం మాత్రలు కొన్ని వారాలు ఇచ్చి ఆపినా ఇలాగే జరిగినట్లు డెన్మార్క్‌లో గమనించారు. మీరు చెప్పిన క్రమం దీనికి సరిగ్గా సరిపోతోంది కనుక, చూర్ణం లేకపోయినా ఆ మంట తగ్గేదేమో. అంతకన్నా ముఖ్యమైనది, నొప్పి మాత్రల వల్ల పడే పుండ్లు చాలామందిలో, ముఖ్యంగా పెద్ద వయసువారిలో, మంట గాని నొప్పి గాని లేకుండానే ఉండి, నేరుగా రక్తస్రావంతో బయటపడతాయి. మంట లేదు కనుక పొట్ట బాగుందని అనుకోవడానికి వీలు లేదు.

గ్యాస్ మాత్ర మీద మీ పెద్దమ్మగారి భయానికి ఆధారం లేకపోలేదు. వాడేవారినీ వాడనివారినీ పోల్చిన అధ్యయనాల్లో ఎముకలు విరగడం, మూత్రపిండాల జబ్బు వాడేవారిలో కొంత ఎక్కువగా కనిపించాయి. అయితే జబ్బులు ఎక్కువగా ఉన్నవారే ఈ మాత్ర ఎక్కువగా వాడతారు కాబట్టి ఆ పోలికను నమ్మడం కష్టం. చీటీ తీసినట్లు మనుషులను రెండు గుంపులుగా విడదీసి 17,598 మందికి పాంటోప్రజోల్ లేదా మందులేని మాత్ర ఇచ్చి సుమారు మూడేళ్ళు గమనించిన కంపాస్ పరీక్ష ఫలితాలు 2019లో వచ్చాయి. పేగు ఇన్ఫెక్షన్లు మాత్రం కొద్దిగా పెరిగాయి. ఎముకలు విరగడంలో గాని, మూత్రపిండాల జబ్బులో గాని తేడా కనబడలేదు.

జవాబు: కరక్కాయ

నేను ఆయుర్వేద వైద్యురాలిని. పై వివరణతో చాలావరకు ఏకీభవిస్తాను. ఒకటి రెండు చోట్ల ఏకీభవించను. అది తరవాత చెబుతాను. ముందు అతిమధురం సంగతి, ఎందుకంటే ఈ ఇంట్లో తొందరగా తేల్చుకోవలసినది అదే.

కృష్ణకరకట్ట గారూ, మీ అమ్మగారు వాడుతున్న రక్తపోటు మాత్రలో హైడ్రోక్లోరోథయజైడ్ ఉంది. అది మూత్రం ద్వారా పొటాషియంను బయటికి పంపుతుంది. అతిమధురంలోని గ్లిసిరైజిన్ కూడా అదే పని చేస్తుంది. మూత్రపిండాల్లో కార్టిసోల్ అనే హార్మోన్‌ను నిర్వీర్యం చేసే ఒక ఎంజైమును అది అడ్డుకుంటుంది. అడ్డు తొలగిన కార్టిసోల్ శరీరంలో ఉప్పూ నీరూ నిలిచిపోయేలా, పొటాషియం కారిపోయేలా చేస్తుంది. రెండూ కలిస్తే రక్తపోటు పెరుగుతుంది, కాళ్ళు ఉబ్బుతాయి, కండరాలు నీరసపడతాయి, పొటాషియం మరీ పడిపోతే గుండె లయ తప్పుతుంది. ఐరోపా సంఘపు ఆహార శాస్త్ర సలహా సంఘం గ్లిసిరైజిన్ రోజుకు 100 మిల్లీగ్రాములు మించకుండా ఉండాలని చెప్పింది. వేరులో అది ఎంత ఉంటుందన్నది వేరు పెరిగిన చోటును బట్టి మారుతుంది గానీ, నూటికి ఐదు పాళ్ళు ఉందనుకున్నా మూడు గ్రాముల చూర్ణంలోనే 150 మిల్లీగ్రాములు ఉంటుంది. మీరు రెండు పూటలా అంటున్నారు. చూర్ణం వెంటనే ఆపించి, రక్తపోటు చూపించి, పొటాషియం పరీక్ష, మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష చేయించండి.

అతిమధురానికి పొట్ట పుండ్లతో ఉన్న సంబంధం కల్పన కాదని కూడా చెప్పాలి. మొక్కల నుంచి వచ్చిన పుండు మందుల్లో అత్యంత శ్రద్ధగా పరీక్షకు నిలిచినది ఇదే. 1940లలో నెదర్లాండ్స్‌లో రెవెర్స్ అనే వైద్యుడు అతిమధురం సారంతో పొట్ట పుండ్లు మానడాన్నీ, కొందరికి ఒళ్ళు ఉబ్బడాన్నీ ఒకేసారి గమనించారు. ఆ వేరులోని పదార్థాన్నే కొద్దిగా మార్చి బ్రిటన్‌లో కార్బెనాక్సొలోన్ అనే మందు తయారు చేశారు. పొగతాగడానికీ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కూ ఉన్న సంబంధాన్ని నిరూపించిన రిచర్డ్ డాల్ బృందమే 1962లో దాన్ని పరీక్షించి, జీర్ణాశయపు పుండు త్వరగా మానుతుందని చూపింది. ప్రోస్టాగ్లాండిన్లను విరిచే ఎంజైమును అడ్డుకుని వాటిని ఎక్కువసేపు నిలిచి ఉండేలా చేస్తుందని తరవాతి కాలంలో తేలింది. మరి అటువంటి మందు ఎందుకు మరుగున పడింది? రక్తపోటు, వాపు, పొటాషియం నష్టం దాన్ని వదల్లేదు. వాపు తగ్గడానికి నీరు తీసే స్పైరోనోలాక్టోన్ అనే మందు కలిపి ఇస్తే పుండు మానడం కూడా ఆగిపోయింది. థయజైడ్ కలిపి ఇస్తే పుండు మానింది గానీ పొటాషియం మరింత పడిపోయింది. మీ అమ్మగారి విషయంలో ఇప్పుడు జరుగుతున్న కలయిక అర్ధశతాబ్దం కింద జరిగిన ఆ ప్రయోగాన్ని పోలినదే. 1976లో ఆమ్లాన్ని తగ్గించే సిమెటిడిన్ అనే మందు బజారులోకి వచ్చాక కార్బెనాక్సొలోన్ అవసరం క్రమంగా తగ్గిపోయింది.

గ్లిసిరైజిన్‌ను తీసేసిన అతిమధురం సారం మాత్రల రూపంలో దొరుకుతుంది. రక్తపోటు భయం అందులో చాలా తక్కువ. కానీ నాప్రోక్సెన్ రోజూ వాడేవారికి రక్తస్రావం రాకుండా ఆపుతుందని చెప్పగల పరీక్ష దానికి లేదు కనుక, పాంటోప్రజోల్ బదులు దాన్ని నేను సూచించను.

ఇక నా అభ్యంతరం. మొక్కల మీద పని ఎలుకల దగ్గరే ఆగిపోయిందన్న అభిప్రాయం పై జవాబు చదివితే కలుగుతుంది. కోల్‌కతాలోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ బయాలజీ వారు వేపబెరడు నీటి సారాన్ని మనుషులకు ఇచ్చి, పది రోజుల్లో ఆమ్లం ఊరడం బాగా తగ్గిందనీ, పది వారాల్లో చిన్నపేగు మొదటి భాగంలోని పుండ్లు మానాయనీ 2004లో ప్రచురించారు. రోగులు చాలా కొద్దిమంది, పోల్చడానికి మందులేని గుంపు లేదు, నొప్పి మాత్రల సమస్య మీద చేసినది కాదు. ఆ లోపాలన్నీ నిజమే. అయినా మొక్క నుంచి మనిషి దాకా వెళ్ళే దారిలో అది ఒక అడుగు. తరవాతి అడుగుకు డబ్బు పెట్టేవారు లేకపోవడం వేప తప్పు కాదు. పేటెంటు దక్కని సారం మీద తొమ్మిది వేల మందితో పరీక్ష ఏ కంపెనీ చేస్తుంది?

మరో మాట కూడా ఆయుర్వేదం తరఫున చెప్పుకోవాలి. అమ్లపిత్తానికి, అంటే పులితేన్పులు, గుండెల్లో మంటకు, మా గ్రంథాల్లో యష్టిమధు, అంటే అతిమధురమే, ఉంది. రోజూ రెండు పూటలా ఏళ్ళ తరబడి నొప్పి మాత్ర మింగే మనిషి ఆ గ్రంథకర్తల ఎదుట లేడు. ఆ చికిత్సను ఈ సమస్యకు యథాతథంగా తెచ్చి అతికించడం శాస్త్రానికి కూడా న్యాయం చేయదు. మూలికలు ఆహారం వంటివి, ఎన్నాళ్ళు వాడినా ఏమీ కావనే మాట మా ఆచార్యులు ఎవరూ చెప్పలేదు.

జవాబు: మిరపతోట

గుంటూరు జిల్లావాడిని, పేరు చూస్తేనే తెలుస్తుంది. కనుక నా మాటలో పక్షపాతం ఉంటే మన్నించండి. మనుషుల్లో నొప్పి మందు మీదే నేరుగా చేసిన పరీక్ష ఒకటి మిరపకాయ మీద ఉంది. 1995లో సింగపూర్ వైద్యులు 18 మంది ఆరోగ్యవంతులకు ఒకసారి 20 గ్రాముల మిరపను నీళ్ళలో కలిపి ఇచ్చి, అరగంట తరవాత 600 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ ఇచ్చి, ఆరు గంటలకు ఎండోస్కోపీ చేశారు. మరోసారి మిరప లేకుండా ఉత్త నీళ్ళతో అదే చేశారు. మిరప తాగినప్పుడు పొట్టలో గాయాలు స్పష్టంగా తక్కువగా ఉన్నాయి. కారం పొట్టకు పుండు చేస్తుందని చిన్నప్పటి నుంచి వింటున్న నాకు ఇది నమ్మశక్యంగా అనిపించలేదు. అయితే కారంలోని క్యాప్సైసిన్ పొట్ట గోడలోని నాడులను తాకి అక్కడికి రక్తప్రవాహాన్ని పెంచుతుందనీ, అదే రక్షణ ఇస్తుందనీ వివరణ. ప్రయోగశాల బల్ల గారు చెప్పిన ‘ముందే మేల్కొలపడం’ కూడా ఇందులో ఉందేమో వారే చెప్పాలి.

రెండోది కొరియా దేశపు మందు. ఆర్టిమిసియా ఏషియాటికా అనే మొక్క సారంతో చేసిన మాత్రను అక్కడ 2002 నుంచి పొట్టలోని వాపుకు డాక్టర్లు రాస్తున్నారు. వినాయక చవితి నాడు పత్రిలో పెట్టే మాచిపత్రి కూడా ఆ జాతిదే. ఐదు వందల మందికి పైగా కీళ్ళ రోగులకు నొప్పి మందైన ఎసిక్లోఫెనాక్‌తో పాటు కొందరికి ఈ సారాన్ని, కొందరికి మిసోప్రోస్టాల్‌ను నాలుగు వారాలు ఇచ్చి ఎండోస్కోపీతో పోల్చిన పరీక్ష 2014లో వచ్చింది. రక్షణలో ఈ సారం మిసోప్రోస్టాల్ కన్నా మరీ వెనకబడలేదనీ, విరేచనాల వంటి బాధలు తక్కువనీ తేల్చారు. కృష్ణకరకట్ట గారు అడిగిన మూడో ప్రశ్నకు నాకు తెలిసినంతలో దగ్గరి జవాబు ఇదే. అలాగని పెరట్లో మాచిపత్రి కోసి కషాయం కాచుకోమని నేను అనడం లేదు. మొక్క వేరు, సారం తీసే పద్ధతి వేరు.

కృష్ణకరకట్ట

ఇంత శ్రద్ధగా రాసిన మీ అందరికీ కృతజ్ఞతలు. కరక్కాయ గారూ, మీ జవాబు చదివిన వెంటనే చూర్ణం ఆపించి, అమ్మను డాక్టరుగారి దగ్గరికి తీసుకువెళ్ళాను. రక్తపోటు మామూలుకన్నా ఎక్కువగా ఉంది. సాయంత్రానికి పాదాలు ఉబ్బుతున్నాయి. కీళ్ళవాతం వల్ల అనుకుంటున్నాము. పొటాషియం పరీక్షకు రక్తం ఇచ్చాము. పాంటోప్రజోల్ మళ్ళీ మొదలుపెట్టారు.

ఇంకా రెండు సందేహాలు. అమ్మకు పచ్చి అరటికాయ కూర ఇష్టం. పచ్చి అరటికాయ పొడిని మందులా ఇవ్వవచ్చా? అమెరికాలో ఉన్న మా తమ్ముడు మిరియాల సారం కలిపిన పసుపు మాత్రలు పంపిస్తానంటున్నాడు. వాటితో నాప్రోక్సెన్ తగ్గించుకోవచ్చని అతని ఉద్దేశం. అవి మంచివేనా?

కరక్కాయ

చూర్ణం ఆపిన వెంటనే దాని ప్రభావం పోదు. పొటాషియం, రక్తపోటు సర్దుకోవడానికి కొన్ని రోజుల నుంచి రెండు వారాల దాకా పట్టవచ్చు కనుక, ఇప్పుడు చేసిన పరీక్ష బాగానే వచ్చినా డాక్టరుగారిని అడిగి మరోసారి చేయించండి. డాక్టరుగారు ఎప్పుడైనా ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్ రాస్తే, అతిమధురం దాని ప్రభావాన్ని కూడా పెంచగలదని గుర్తుంచుకోండి.

పసుపు మాత్రలు వద్దనే చెబుతాను. కూరలో వేసే పసుపుతో పేచీ లేదు. మిరియాల సారం కలిపి ఒంటికి ఎక్కువగా పట్టేలా చేసిన గాఢమైన పసుపు మాత్రల వల్ల కాలేయం దెబ్బతిన్న కేసులు అమెరికాలోనే నమోదయ్యాయి. మీ అమ్మగారు వాడే మెథోట్రెక్సేట్‌కు కూడా కాలేయం మీద కన్ను వేసి ఉంచాలి. రెండూ కలిపితే, రేపు కాలేయ పరీక్షలో అంకె పెరిగినప్పుడు దేనివల్ల పెరిగిందో తేల్చడం కూడా కష్టమవుతుంది. థాయ్‌లాండ్‌లో పసుపును పాంటోప్రజోల్ కోవకే చెందిన ఒమెప్రజోల్‌తో పోల్చిన పరీక్ష ఒకటి 2023లో పత్రికల్లో బాగా తిరిగింది. అది పుండు గాని నొప్పి మాత్రల హాని గాని లేని అజీర్తి రోగుల మీద చేసినది.

ప్రయోగశాల బల్ల

అరటికాయ ప్రశ్నకు నేను జవాబిస్తాను, ఎందుకంటే ఎలుకల పత్రాలన్నిటిలోనూ నాకు ఇష్టమైనది అదే. 1984లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ ఫార్మకాలజీలో వచ్చిన పనిలో, ఎండబెట్టిన పచ్చి కూర అరటికాయ పొడి ఆస్పిరిన్ వల్ల ఎలుకల్లో పడే పుండ్లను రాకుండా ఆపడమే కాక, పడినవాటిని మాన్పింది కూడా. పండిన తరవాత ఆ గుణం కనిపించలేదు. అందులో పనిచేసే పదార్థం ల్యూకోసయనిడిన్ అనే ఫ్లేవనాయిడ్ అని 1999లో గుర్తించారు. మన కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో కూడా పచ్చి అరటి మీద ఎన్నో ఏళ్ళు పని జరిగింది. ముందుగా ఇస్తే కాపాడటం, తరవాత ఇచ్చినా మాన్పడం, పదార్థాన్ని విడదీసి చూపడం, ఇవన్నీ ఉన్నాయి కనుక నేను పైన చెప్పిన అనుమానాలు దీనికి కొంత తక్కువగా వర్తిస్తాయి. అయినా పరీక్షించినది పొడి, దాని సారం. మన అరటికాయ వేపుడుకు ఆ ఫలితాన్ని అంటగట్టలేము. కూరగా హాయిగా తినమనండి. పొడిని మాత్రం మందులా రోజూ చెంచాల కొద్దీ ఇవ్వకండి. అరటిలో పొటాషియం ఎక్కువ, టెల్మిసార్టాన్ పొటాషియంను నిలిపి ఉంచుతుంది, నాప్రోక్సెన్ మూత్రపిండాలను నెమ్మదింపజేస్తుంది. అతిమధురం వల్ల పడిపోయిందనుకున్న పొటాషియం చూర్ణం ఆపాక అవసరానికి మించి పెరిగే అవకాశమూ ఉంది.

మిరపతోట గారూ, మీ ఊహ సరైనదే. క్యాప్సైసిన్ ఆ మేల్కొలుపుకు చక్కని ఉదాహరణ. 18 మంది ఆరోగ్యవంతులు, ఒక్క మోతాదు ఆస్పిరిన్, ఆరు గంటలు. అంతవరకే ఆ ఫలితాన్ని నమ్మాలి. కొరియా పరీక్ష అంతకన్నా చాలా మెరుగైనది. అందులోనూ కొలిచినది నాలుగు వారాల తరవాత ఎండోస్కోపీలో కనబడిన పుండ్లను గానీ ఆసుపత్రి పాలైన రక్తస్రావాన్ని కాదు. మొక్కల సారాల్లో ఎవరైనా డబ్బు పెట్టి పెద్ద పరీక్ష చేయదగినది ఉందంటే నా దృష్టిలో అది మొదటి వరుసలో ఉంటుంది. ఈ విషయంలో కరక్కాయ గారి అభ్యంతరాన్ని అంగీకరిస్తున్నాను.

చర్చ అంతా పొట్ట చుట్టూ తిరిగింది కనుక మూత్రపిండాల మాట కూడా చెప్పాలి. నాప్రోక్సెన్, టెల్మిసార్టాన్, థయజైడ్ మూడూ కలిసి వాడేవారిలో, ముఖ్యంగా ఎండాకాలంలో గాని వాంతులు, విరేచనాలు పట్టుకున్నప్పుడు గాని, మూత్రపిండాలు హఠాత్తుగా దెబ్బతినే ప్రమాదం ఉంది. నాప్రోక్సెన్ మోతాదు తగ్గించగలరా, రోజూ కాక అవసరమైనప్పుడే వాడవచ్చా, థయజైడ్ బదులు వేరే మందు ఇవ్వగలరా అని డాక్టరుగారిని అడగండి. పొట్టకు అన్నిటికన్నా పెద్ద రక్షణ నొప్పి మాత్ర తగ్గడమే; మెథోట్రెక్సేట్ సరిగా పనిచేస్తున్నవారిలో చాలాసార్లు అది వీలవుతుంది. హెలికోబాక్టర్ పైలోరీ అనే క్రిమి ఉంటే నొప్పి మాత్రల వల్ల పుండు పడే అవకాశం మరింత పెరుగుతుంది కనుక దానికి మల పరీక్ష గాని ఊపిరి పరీక్ష గాని చేయమని అడగవచ్చు. పాంటోప్రజోల్ వాడుతుండగా ఆ పరీక్ష తప్పుగా ‘లేదు’ అని చూపించవచ్చు. మామూలుగా రెండు వారాల ముందు ఆ మాత్ర ఆపమంటారు. నాప్రోక్సెన్ కొనసాగుతున్నప్పుడు ఆ రెండు వారాలు ఎలా గడపాలన్నది డాక్టరుగారే నిర్ణయించాలి. మీ అంతట మీరు మళ్ళీ ఆపకండి.

బజారులో కీళ్ళ నొప్పులకు అమ్మే పేరులేని పొడులు, మాత్రలు కొనకండి. మూలికల పేరుతో అమ్మే కొన్నిటిలో డైక్లోఫెనాక్, స్టెరాయిడ్లు రహస్యంగా కలిపి దొరికిన ఉదంతాలు ఉన్నాయి. అవి నాప్రోక్సెన్‌కు తోడైతే పొట్టకు రెట్టింపు హాని.

మలం తారులా నల్లగా, జిగటగా, దుర్వాసనతో వచ్చినా, కాఫీ పొడి రంగులో వాంతి అయినా, లేచి నిలబడితే కళ్ళు తిరిగినా, మంట ఉన్నా లేకపోయినా, ఆ పూటే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. ఐరన్ మాత్రలు వాడేవారికి కూడా మలం నల్లగానే వస్తుంది. అమ్మగారు అవి వాడుతుంటే, రంగును బట్టి నిర్ధారించుకోకుండా, హిమోగ్లోబిన్‌ను ఎన్నాళ్ళకొకసారి చూడాలో డాక్టరుగారిని అడిగి రాసి పెట్టుకోండి.